ఆషాఢంలో గీజరు ముహూర్తం

రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ కుర్చీ వద్దు, దానికి ఒక కాలు పొట్టి. ఈ పీట లాక్కోండి. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు, పక్కింటి వాళ్ళకి వినపడితే బాగుండదు. పక్కిల్లంటే వెంకటరాజుగారి ఇల్లే. మనకీ వాళ్ళకీ మధ్య గోడ నడుమెత్తు. దాని మీదుగా కూరగిన్నెలే కాదు, కబుర్లు కూడా వచ్చి పడుతుంటాయి. పడ్డవాటిని ఏరుకోవడం తప్ప మనం చేసిన పాపం ఏమీ లేదు.

వెంకటరాజుగారికి కరెంటు మీటరంటే ప్రాణం. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు మీద మీటరుకి ఎదురుగా కూర్చుంటారు. అందులో ఎర్ర దీపం ఎన్నిసార్లు మిణుకుమంటుందో లెక్కపెడతారు, వైద్యుడు నాడి చూసినట్టు. నెమ్మదిగా మిణుకుమంటే ఇల్లు ఆరోగ్యంగా ఉన్నట్టు. గబగబా కొట్టుకుంటే లోపలికి వెళ్ళి ఖాళీ గదిలో తిరుగుతున్న ఫ్యాను కట్టేసి వస్తారు. ఒక్కోసారి మనుషులున్న గదిలోది కూడా. అందుకే ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో గీజరు లేదు. పెరట్లో రాళ్ళ పొయ్యి, దాని మీద నాలుగు బిందెలు పట్టే రాగి కాగు, కింద కొబ్బరి డొక్కలు. ఆ కాగు ఆయన భార్య సుబ్బాయమ్మగారి అత్తగారి నాటిది. ఎనభయ్యారు వరదలో ఇల్లంతా వదిలేసి కాగొక్కటీ ఎత్తుకుని గట్టెక్కారు. కాగులో పిల్లల్ని కూర్చోబెట్టి తెచ్చారో, పిల్లల చేత కాగుని మోయించారో, దాని మీద ఆ ఇంట్లో ఇప్పటికీ రెండు మాటలున్నాయి.

వాళ్ళమ్మాయి లావణ్యని రాజమండ్రి ఇచ్చారు. తొలి కానుపుకి పుట్టింటికి వచ్చింది. సోమవారం ఆడపిల్ల పుట్టింది, బుధవారానికి ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేశారు. ఆ సాయంత్రమే లావణ్య అత్తగారు అచ్చాయమ్మగారు మనవరాలిని చూసుకుందామని వీడియో ఫోను చేశారు. ఆషాఢం ముసురు. డొక్కలన్నీ నాని ఉన్నాయి. ఫోనులో పిల్ల కంటే పొగ ఎక్కువ కనిపించింది.

"వదినగారూ, పిల్ల వెనకాల ఆ మబ్బేంటండీ?"

"మబ్బు కాదండి వదినగారూ, నీళ్ళు కాగుతున్నాయి," అన్నారు సుబ్బాయమ్మగారు.

"పొగా? పసిగుడ్డు పక్కన పొగా! చూడండి వదినగారూ, మరోలా అనుకోకండి. పదకొండో రోజు పురుడికి నేనొస్తాను కదా. అప్పటికి పొగ లేని వేడినీళ్ళు ఉన్నాయా, సరే. లేవా, ఆ రోజే తల్లినీ పిల్లనీ కార్లో ఎక్కించుకుని మా ఇంటికి తీసుకుపోతాను. మాకు మూడు బాత్రూముల్లోనూ గీజర్లే."

సుబ్బాయమ్మగారు ఫోను పెట్టేసి, కుట్టిన బొంతలన్నీ మళ్ళీ లెక్కపెట్టుకున్నారు. మూడో నెల వచ్చేదాకా మనవరాలిని ఒళ్ళో పెట్టుకోవచ్చని ఆరు నెలలుగా పాత చీరలు మడిచి బొంతలు కుడుతున్నారావిడ. పదకొండు బొంతలు. పదకొండు బొంతలున్న మనిషికి పదకొండు రోజుల మనవరాలేమిటి చెప్పండి!

"ఏవండీ, రేప్పొద్దున్నే పాలకొల్లు వెళ్ళి గీజరు కొనుక్కుని, భోజనాల వేళకి వచ్చేద్దాం," అన్నారు.

అంతే అనుకున్నది. పొద్దున్న వెళ్ళడం, మధ్యాహ్నం రావడం.

పాలకొల్లులో కొట్టు నడిపే ప్రసన్నకుమార్ నెమ్మదస్తుడు. వరసగా గీజర్లు చూపించాడు. గుమ్మడికాయల్లాంటివి, పీపాల్లాంటివి. వెంకటరాజుగారు అన్నిటి కిందా వంగి చూసి ఒకటే ప్రశ్న వేశారు.

"నేను స్నానం చెయ్యనప్పుడు ఇది కరెంటు తింటుందా?"

"ట్యాంకుదైతే కొంచెం తింటాదండి. కాగిన నీళ్ళు లోపల ఊరికే ఉండి చల్లారతాయి కదండీ, స్విచ్చి కట్టకపోతే మళ్ళీ మళ్ళీ కాస్తుంటాది. అందుకే వీటికి నక్షత్రాలు అతికిస్తారు, ఎన్ని ఎక్కువుంటే అంత పొదుపు."

"నక్షత్రం సంగతి పంతులుగారు చూసుకుంటారులే బాబూ. అసలు తిననిది చూపించు," అన్నారు సుబ్బాయమ్మగారు.

అప్పుడు ప్రసన్నకుమార్ గోడ మీంచి ఒక పెట్టె దించాడు. పాల క్యారేజీ అంత ఉంది. ఇందులో ట్యాంకు లేదన్నాడు. కుళాయి తిప్పితే చన్నీళ్ళు ఇటు దూరి వేడినీళ్ళై అటు వస్తాయన్నాడు. నిమిషానికి నాలుగైదు లీటర్లు.

సుబ్బాయమ్మగారు పెట్టెని వేలితో కొట్టి చూశారు, కొబ్బరికాయలో నీళ్ళున్నాయో లేదో చూసినట్టు. "కడుపే లేదు. ఎక్కడ కాస్తుందండీ ఇది?"

"నీళ్ళు పారుతుండగానే కాస్తాదండి అమ్మగారూ. కుళాయి తిప్పితే లేస్తాది, కట్టేస్తే పడుకుంటాది."

వెంకటరాజుగారి కళ్ళు చెమర్చాయి. "పనుంటేనే లేచే మనిషిని ఈ జన్మలో చూడలేదు. యంత్రాన్నైనా చూశాను. ఇదే కట్టు."

"ఒక్క మాటండి," అన్నాడు ప్రసన్నకుమార్. "లేచినప్పుడు మాత్రం గట్టిగా లాగుద్దండి. నాలుగు ఏసీలు ఒక్కసారి వేసినట్టు. మీటరు లోడు పెంచమని కరెంటాఫీసులో రాసివ్వాలి, లావు వైరు వేయించాలి. మీ ఒక్క ఇంటికైతే పరవాలేదు."

మీ ఒక్క ఇంటికైతే. ఈ మాట దాచి ఉంచండి, తర్వాత పనికొస్తుంది.

వచ్చేటప్పుడు ఆటోలో గీజరు పెట్టె మీద తువ్వాలు కప్పారు. కొత్త వస్తువు కదా, మొదలుపెట్టేదాకా నలుగురి కంటా పడకూడదని సుబ్బాయమ్మగారి పట్టుదల. అసలే బాలింత ఉన్న ఇల్లు, దిష్టి ఊరికే తగులుతుంది. వీధి మొదట్లోనే వాళ్ళ అవతలి పక్కింటి పాపాయి ఎదురైంది.

"ఏంటండీ అక్కా ఆ పెట్టె?"

"పెసరపప్పే."

పెసరపప్పుకి మూలలు ఉండవని పాపాయికి తెలుసు. పైగా గాలికి తువ్వాలు లేచింది. మర్నాడు పాపాయి పాలకొల్లు వెళ్ళి, "వెంకటరాజుగారు పట్టుకెళ్ళిందే నాకూ ఇవ్వండి, ఎవరికీ చెప్పకండి," అంది. తెచ్చేటప్పుడు దుప్పటి కప్పింది. ఆ దుప్పటిని ఎదురింటి బుల్లబ్బాయి చూశాడు. బుల్లబ్బాయి ధాన్యం బస్తాలో పెట్టి తెచ్చిన దాన్ని గణేష్‌బాబు మాస్టారు చూశారు. మాస్టార్ని చిన్నమ్మాయి చూసింది. అలా వెంకటరాజుగారు, పాపాయి, బుల్లబ్బాయి, మాస్టారు, చిన్నమ్మాయి, ఇంకా... ఖళ్ళు, ఖళ్ళు. ఈ ముసురుకి గొంతు పట్టేసింది. మొత్తం ఆరిళ్ళు.

ఆరిళ్ళకీ ఎలక్ట్రీషియను ఒకడే, ఏసుపాదం. మాట ఇస్తే తప్పని మనిషి. ఆరుగురూ "ఎవరికీ చెప్పకు" అన్నారు. అతను ఎవరికీ చెప్పలేదు. పాపాయి ఇంట్లోంచి వస్తుంటే సుబ్బాయమ్మగారు ఆపి అడిగారు.

"ఏంటయ్యా ఏసుపాదం, వాళ్ళింట్లో పని?"

"ఫ్యానండి అమ్మగారూ."

"అంత లావు వైరేంటి ఫ్యానుకి?"

"పెద్ద ఫ్యానండి."

ఆ వారం మా వీధిలో ఆరు ఫ్యాన్లు పాడయ్యాయి. ఏ ఇంట్లోనూ ఫ్యాను తిరగడం మాత్రం మానలేదు.

వెంకటరాజుగారి ఇంట్లో గీజరు బిగించాక ఏసుపాదం, "ఒక్కసారి వేసి చూసుకుంటానండి రాజుగారూ," అని కుళాయి మీద చెయ్యి వేశాడు. సుబ్బాయమ్మగారు పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నంత పని చేశారు.

"వద్దయ్యా! ముహూర్తం కాకుండా నీళ్ళు పారితే అదే మొదలైపోయినట్టు. మంచి ఘడియలో బాలింత స్నానంతోనే మొదలవ్వాలి."

"పని చేస్తుందో లేదో తెలియాలి కదండీ."

"ఇంట్లో పాలు పొంగించి చూసి, ఆ తర్వాత గృహప్రవేశం చేస్తావా?"

ఏసుపాదం సామాన్ల సంచీ సర్దుకున్నాడు. మిగతా అయిదు ఇళ్ళలోనూ ఇదే మాట విని, ఇలాగే సంచీ సర్దుకుని వచ్చేశాడు.

ముహూర్తం పంతులుగారు పెట్టారు. ఆయన పంచాంగం తిరగేసి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ తిరగేశారు. "ఆషాఢం కదమ్మా. కొత్త వస్తువుకి ఈ పక్షం మొత్తానికీ ఒక్కటే మంచి ఘడియ. గురువారం పొద్దున్న ఆరూ పన్నెండు. ఎనిమిదింటికి వర్జ్యం వచ్చేస్తుంది, ఆలోపు స్నానాలు కానిచ్చెయ్యండి."

గురువారమే పదకొండో రోజు. సుబ్బాయమ్మగారి ఆనందానికి హద్దు లేదు. కూతురి పురుడు పుట్టింటి వాళ్ళకి మూడు రోజులే పట్టింపు కనక, కొబ్బరికాయ కొట్టడానికి కూడా అడ్డులేదని ఆయనే తేల్చేశారు. "ఎవరికీ చెప్పకండి పంతులుగారూ," అని బెల్లం, బియ్యం చేతిలో పెట్టి వచ్చారు ఆవిడ.

పంతులుగారి నోరు అర్ధరాత్రి గుడి తలుపు లాంటిది. ఆ తర్వాత అయిదుగురు వెళ్ళి అయిదుసార్లు అడిగారు. అయిదుసార్లూ ఆయన కొత్తగా పంచాంగం తిరగేసి, కళ్ళజోడు తుడుచుకుని, గురువారం ఆరూ పన్నెండే చెప్పారు. ఉన్నది ఒక్క ఘడియ, ఆయన మాత్రం ఏం చేస్తారు? ఆరు రహస్యాలూ కడుపులో పెట్టుకుని కూర్చున్నారు.

బుధవారం సాయంత్రం కాగుని పొయ్యి మీంచి దించేశారు. పొయ్యి రాళ్ళు మందారం మొదట్లోకి పోయాయి. కాగులో తవుడు పోసి గేదెల పాకలో పెట్టారు. ఎనభయ్యారు వరద చూసిన కాగు. నాకే మనసు చివుక్కుమంది.

గురువారం అయిదున్నరకే రాజమండ్రి కారు వచ్చి ఆగింది. అచ్చాయమ్మగారు దిగారు. వెనకాల డ్రైవరు ఒక పెద్ద సూట్‌కేసు దించాడు. సుబ్బాయమ్మగారు మర్యాదకి అందుకోబోతే అది దూదిలా పైకి లేచింది. ఖాళీ సూట్‌కేసు! తల్లీపిల్లల బట్టలు సర్దుకుపోవడానికి తెచ్చారన్నమాట. సుబ్బాయమ్మగారి గుండె కూడా అంత ఖాళీ అయిపోయింది.

అచ్చాయమ్మగారు చేతిరుమాలు ముక్కు దగ్గర పెట్టుకుని ఇల్లంతా తిరిగారు. వంటింట్లో వాసన చూశారు. పెరట్లో చూశారు. పొయ్యి లేదు, పొగ లేదు.

"పరవాలేదండి వదినగారూ," అన్నారు కొంచెం నిరాశగా. "సాంబ్రాణి పొగ మాత్రం గట్టిగా వెయ్యాలి సుమండీ, పిల్లకి మంచిది."

ఆరూ పది. బాత్రూములో గీజరుకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టారు. వెంకటరాజుగారు ఒక చేత్తో ఫోను పట్టుకుని గడియారం చూస్తూ, ఇంకో చెయ్యి తలుపు బయట స్విచ్చి మీద వేశారు. సుబ్బాయమ్మగారి ఒక చేతిలో కొబ్బరికాయ, ఇంకో చెయ్యి కుళాయి మీద. లావణ్య ఒళ్ళంతా నలుగుతో పీట మీద కూర్చుని ఉంది. పిల్ల అచ్చాయమ్మగారి చేతుల్లో ఉంది, ఇప్పటినుంచే ప్రయాణానికి సిద్ధంగా ఉన్నట్టు.

ఆరూ పన్నెండు. కొబ్బరికాయ పగిలింది. స్విచ్చి పడింది. కుళాయి తిరిగింది.

"వచ్చాయి! వెచ్చగా వచ్చాయండీ!" అని అరిచారు సుబ్బాయమ్మగారు.

అంతే. కాలవ గట్టు మీద స్తంభం దగ్గర ఢామ్మని ఒక చప్పుడు. ఊళ్ళో ఉన్న కాకులన్నీ ఒక్కసారి లేచాయి. దీపాలు పోయాయి, ఫ్యాన్లు ఆగాయి, కుళాయిలో నీళ్ళు చల్లబడ్డాయి. మీటర్లో ఎర్ర దీపం మిణుకుమనడం పూర్తిగా మానేసింది.

"ఏం పర్లేదు, ఏం పర్లేదు," అంటూ వెంకటరాజుగారు వీధిలోకి పరుగెత్తారు. పక్కింట్లోంచి పాపాయి మొగుడు పరుగెత్తుకొచ్చాడు. ఎదురింట్లోంచి బుల్లబ్బాయి, ఆ పక్కనుంచి తువ్వాలు కట్టుకుని మాస్టారు, సబ్బు నురగతో చిన్నమ్మాయి. అందరి నుదుటా కుంకుమ. అందరి చేతుల్లోనూ కొబ్బరి చిప్ప.

ఒకరి చిప్ప ఒకరు చూసుకున్నారు.

కాసేపటికి లైన్‌మన్ త్రిమూర్తులు మోపెడ్డు మీద వచ్చాడు. స్తంభం కేసి చూశాడు, వీధి కేసి చూశాడు.

"ట్రాన్స్‌ఫార్మరు ఎగిరిపోయిందండి. ఏం వేశారండీ?"

"మేమేం వెయ్యలేదు," అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

"మరి కొబ్బరికాయలెందుకు కొట్టారండీ?"

"గురువారం కదా," అన్నారు మాస్టారు.

"అందరూనా?"

"వీధి భక్తి గల వీధి."

అప్పుడే మూల తిరిగి ఏసుపాదం వచ్చాడు. పన్నెండు కళ్ళు అతని మీద పడ్డాయి. త్రిమూర్తులు లాగి లాగి అడిగితే, పాపం, అతను భళ్ళుమన్నాడు.

"ఆరిళ్ళకీ నేనే పెట్టానండి. ఎవరికీ చెప్పొద్దన్నారు కదండీ! ఆరిళ్ళకీ ఒకటే ముహూర్తమని నాకేం తెలుసండీ?"

"ఆరు గీజర్లు ఒకే సెకనులోనా!" త్రిమూర్తులు తల పట్టుకున్నాడు. "రోజులో ఎప్పుడో ఒకరూ ఎప్పుడో ఒకరూ వేసుకుంటే మోసేదండి మహాతల్లి. ఇప్పుడింక సాయంత్రం దాకా కరెంటు రాదు."

పురుడికని బయల్దేరి వచ్చిన పంతులుగారు ఇదంతా విని కళ్ళజోడు తుడుచుకున్నారు. "ముహూర్తబలం చూశారా? ఆరిళ్ళకీ సెకను తేడా లేకుండా పట్టింది."

ఇంట్లో అచ్చాయమ్మగారు సూట్‌కేసు మంచం మీద పెట్టి తెరిచారు. రెండు తాళాలూ టప్పుటప్పుమన్నాయి. ఆ చప్పుడు మధ్య గోడ దాటి వినిపించింది. నలుగు ఎండిపోయి లావణ్య పీట మీద బొమ్మలా కూర్చుంది. ఎనిమిదింటికి వర్జ్యం.

అప్పుడు సుబ్బాయమ్మగారు కొంగు బిగించారు. గేదెల పాకలోకి వెళ్ళి, కాగుని నేల మీద బోర్లించారు. తవుడంతా గేదె కాళ్ళ మీద పడింది. ఆ రోజు ముహూర్తం కలిసొచ్చింది ఆ పశువొక్కదానికే. చింతపండు పెట్టి నాలుగు రుద్దులు రుద్ది, మందారం మొదట్లోంచి రాళ్ళు పీకి పొయ్యి నిలబెట్టారు. తప్పు చేసిన వీధి కదా, తలా ఒక బుట్ట డొక్కలు పట్టుకుని పెరట్లోకి వచ్చి పడింది. అన్నీ తడి డొక్కలే. అంటిస్తే మంట లేదు, పొగ మాత్రం కాలవ దాటిపోయింది. పాపాయి ఊదుతుంది, చిన్నమ్మాయి విసురుతుంది, సుబ్బాయమ్మగారు ఏడుస్తున్నారో, పొగకి కళ్ళు మండుతున్నాయో ఎవరికీ తెలియడం లేదు.

పొగలోంచి అచ్చాయమ్మగారు బయటికి వచ్చారు. ముక్కు మీద రుమాలు. పొయ్యి కేసి ఒక నిమిషం చూశారు. ఇంకో నిమిషం చూశారు. ఆవిడ మొహంలో కోపం ఇంకోలా మారిపోయింది, తప్పు లెక్క చూసిన పంతులమ్మ మొహంలా.

"అలాక్కాదండీ వదినగారూ! డొక్కలు అడ్డంగా పేరిస్తే మంటెక్కడ లేస్తుంది? నిలబెట్టాలి! కింద ఎండు కొబ్బరి మట్టాకు, మీద పీచు, ఆ మీద డొక్క. తప్పుకోండి మీరు!"

రుమాలు బొడ్లో దోపారు. పట్టుచీర మోకాలి దాకా ఎగ్గట్టి పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నారు. పాపాయి చేతిలోంచి ఊదుగొట్టం లాక్కుని ఒక్క ఊదు ఊదారు. భగ్గున మంట లేచింది. పొగ ఆగిపోయింది.

"వదినగారూ, మీకు పొయ్యి వచ్చా!" అన్నారు సుబ్బాయమ్మగారు.

"ఎందుకు రాదండీ? మాది అంతర్వేది దగ్గర. పెళ్ళయ్యేదాకా పన్నెండు మందికి నీళ్ళు నేనే కాచేదాన్ని. ముప్పై ఏళ్ళైంది ఊదుగొట్టం ముట్టి." ఆవిడ ముక్కు మీద మసి. "ఎవరండీ ఆ చెంబు అక్కడ పెట్టింది? నీళ్ళు పొర్లుతున్నాయి, చూడండి!"

ఏడూ నలభైకి లావణ్య స్నానం అయింది. ఏడూ ఏభైకి మనవరాలి స్నానం, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని అచ్చాయమ్మగారే పోశారు. కాగులో ఇంకా రెండు బిందెల నీళ్ళు మిగిలాయి. ఊరికే పారబోయడం ఎందుకని ఆవిడే పోసుకున్నారు. బాత్రూములోంచి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక అరుగు మీద కూర్చుని కాళ్ళు చాపుకుని అన్నారు:

"వదినగారూ, ముప్పై ఏళ్ళుగా గీజరు నీళ్ళు పోసుకుంటున్నాను. నా వీపుకి నీళ్ళు తగిలింది ఇవాళేనండీ."

ఆ సాయంత్రం రాజమండ్రి కారు తిరిగి వెళ్ళింది. తల్లీపిల్లలు అందులో లేరు. అచ్చాయమ్మగారు కూడా లేరు. ఖాళీ సూట్‌కేసు ఒక్కటే వెనక సీట్లో కూర్చుని వెళ్ళింది. మర్నాడు అదే సూట్‌కేసు ఆవిడ చీరలతో నిండి తిరిగొచ్చింది. మూడో నెల దాకా ఆవిడ కదల్లేదు. పిల్ల ఎవరి ఒళ్ళో ఎంతసేపు ఉండాలన్న దాని మీద వియ్యపురాళ్ళిద్దరికీ రోజూ తగువే. పదకొండు బొంతల్లో ఆరు ఒకరివి, అయిదు ఒకరివి అయిపోయాయి.

త్రిమూర్తులు స్తంభం మీద సుద్దముక్కతో ఆరిళ్ళకీ స్నానాల వేళలు రాసి వెళ్ళాడు. వెంకటరాజుగారి వేళ అయిదున్నర, కానీ ఆ ఇంట్లో ఎవరూ గీజరు జోలికి పోలేదు. అది పసుపూ కుంకుమతో, ఎండిన నిమ్మకాయతో గోడ మీద అలాగే ఉంది. ఆయన మాత్రం కాఫీ గ్లాసుతో మీటరు ముందు కూర్చుని, ఈ జిల్లాలో ఇంత తక్కువ కరెంటు తినే గీజరు ఇంకొకటి లేదని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటారు.

ఇదండీ సంగతి. నేను పోయినా ఈ కథ పోకూడదు, మర్చిపోకుండా మీ పిల్లలకి చెప్పండి. గీజరు కొనేటప్పుడు ఎన్ని లీటర్లు, ఎన్ని నక్షత్రాలు అని ఎలాగూ అడుగుతారు, పంతులుగారు ఆ ఘడియ ఇంకెవరెవరికి పెట్టారో కూడా అడగమనండి. ఆరిళ్ళ పేర్లూ వరసగా చెప్పండి. ఆరో ఇంటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాలాగే కాస్త దగ్గండి.